జాయిస్ట్ నంబర్ రాసి చేతులు దులుపుకుంటే కుదరదు

"డ్రాయింగ్ మీద 24కె7 అని రాస్తే చాలు, మిగతా లోడ్లు జాయిస్ట్ తయారీదారే చూసుకుంటాడు." కప్పుని మోసే జాలీ లాంటి ఉక్కు దూలాల (జాయిస్టుల) గురించి స్ట్రక్చరల్ ఇంజనీర్లలో బాగా తిరిగే మాట ఇది. దానికి తోకలు రెండు: "అనుమానం ఉంటే కేసీఎస్ (పొడవంతా ఒకే సామర్థ్యముండే జాయిస్ట్ రకం) వేసెయ్", "గాలి సంగతి వాళ్లకి తెలుసు." మూడింటిలో ఏదీ పూర్తిగా నిలబడదు.

24 అంటే అంగుళాల్లో లోతు, కె సిరీస్ పేరు, 7 కార్డ్ (జాయిస్ట్ పై, కింది అంచుల్లో ఉండే పొడవాటి కడ్డీ) సైజును సూచించే అంకె. అమెరికా స్టీల్ జాయిస్ట్ ఇన్‌స్టిట్యూట్ పట్టికలో ఆ నంబర్ కింద ఉండేది, స్పాన్‌ని బట్టి అడుగుకి ఇన్ని పౌండ్లని, సమంగా పరుచుకున్న లోడ్ మాత్రమే. పిట్టగోడ పక్కన పేరుకునే మంచు అలా పరుచుకోదు. ఏసీ యూనిట్ అసలే పరుచుకోదు. అందుకే పాయింట్ లోడ్లు (ఒకే చోట పడే బరువులు), నెట్ అప్‌లిఫ్ట్ (కప్పు బరువు పోగా మిగిలే, గాలి పైకి లేపే బలం), ఎండ్ మూమెంట్లు (చివరల్లో వంచే బలాలు) డ్రాయింగుల్లో చూపించే బాధ్యతను ఐబీసీ (ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్) ఇంజనీర్ మీదే పెట్టింది.

1,200 పౌండ్ల యూనిట్ ఉందనుకోండి. ఏ జాయిస్టుల మీద, గ్రిడ్ లైన్ నుంచి ఎంత దూరంలో, ఒక్కో మూలకి ఎంత, పై కార్డ్ మీదా కింది కార్డ్‌కి వేలాడుతుందా అన్నవన్నీ రాయాలి. చోటు తేలకపోతే "ఏ ప్యానెల్ పాయింట్ (లోపలి అడ్డ కడ్డీలు కార్డ్‌ని కలిసే చోటు) దగ్గరైనా 500 పౌండ్లు" అని యాడ్‌-లోడ్ (అదనపు పాయింట్ లోడ్) ఇవ్వచ్చు. రెండు ప్యానెల్ పాయింట్ల మధ్య పడే అవకాశముంటే బెండ్‌-చెక్ లోడ్ కూడా ఇవ్వాలి. చాలామంది తడబడేది ఇక్కడే: బెండ్‌-చెక్ అదనపు బరువు కాదు, కార్డ్ వంపును చూడటానికే. ఆ బరువు మొత్తం లోడ్‌లోనో యాడ్‌-లోడ్‌లోనో ముందే కలిసి ఉండాలి.

కేసీఎస్ వాదనలో సగం నిజముంది. దాని షియర్ (కోత), మూమెంట్ (వంపు) సామర్థ్యం పొడవంతా ఒకేలా ఉంటుంది కాబట్టి లోడ్ ఎక్కడ పడినా ఆ రెండింటికీ సరిపెట్టచ్చు. కానీ ప్యానెల్ పాయింట్ తప్పి పడితే కార్డ్ అక్కడే వంగుతుంది, అదనపు స్ట్రట్ (ఆసరా కడ్డీ) కావాలి. అప్‌లిఫ్ట్ ఎంతో కూడా విడిగా చెప్పాల్సిందే.

ఇక గాలి. ఏఎస్‌డీ (అనుమతించదగ్గ బలం ఆధారంగా లెక్కించే పద్ధతి) స్థాయిలో అప్‌లిఫ్ట్ చదరపు అడుగుకి 25 పౌండ్లు, డెడ్ లోడ్ (కప్పు సొంత బరువు) 10 అనుకుంటే, ఆ 10లో 0.6 వంతు తీసేశాక నెట్ 19. జాయిస్టుల మధ్య 5 అడుగులుంటే అడుగుకి 95. డ్రాయింగ్‌లో ఉత్త "అప్‌లిఫ్ట్ 25" అని ఉంటే అది నెట్టో గ్రాసో (బరువు తీసేయకముందుదో) తయారీదారుకి ఎలా తెలుస్తుంది? పైగా ఈ 10 పౌండ్లలో రేపెప్పుడో వేయబోయే పైపుల బరువు కలపకూడదు. గాలి వీచే రోజున అవి అక్కడ ఉండకపోవచ్చు. నెట్ అప్‌లిఫ్ట్‌లో కింది కార్డ్ కంప్రెషన్‌లోకి వెళ్తుంది, చివరల్లో మొదటి ప్యానెల్ పాయింట్ల దగ్గర అదనపు బ్రిడ్జింగ్ (జాయిస్టుల్ని పక్కకి కలిపే కడ్డీల) లైను పడుతుంది. అంకె పక్కన ఏఎస్‌డీ అనో ఎల్ఆర్ఎఫ్‌డీ (లోడ్లకి గుణకాలు వేసి లెక్కించే పద్ధతి) అనో రాయకపోతే ఆ 19 కూడా పనికిరాదు.