డ్యాష్‌బోర్డుకు అందని క్రాష్

ఐఫోన్‌లో యాప్‌ను తాకగానే తెర ఒక్క క్షణం వెలిగి మూతపడిపోవడం, అంటే క్రాష్, చాలామంది చూసిందే. అందులో ఒక రకం విడిగా చర్చించదగినది. డెవలపర్ రాసిన ప్రధాన కోడ్ మొదలుకాకముందే అది జరుగుతుంది. యాప్‌కు కావలసిన ఫ్రేమ్‌వర్కులను (ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు, లైబ్రరీలు) మెమరీలోకి తెచ్చి, వాటిలోని క్లాసుల, ఫంక్షన్ల పేర్లను, అంటే సింబల్స్‌ను, వాటి చిరునామాలతో జతచేసే పని డీవైఎల్‌డీ అనే లోడర్‌ది. ప్రారంభంలోనే కావలసిన సింబల్ ఒక్కటి దొరక్కపోయినా అది యాప్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తర్వాతి సంగతి. క్రాష్‌లను లెక్కపెట్టే లైబ్రరీని చాలా సంస్థలు యాప్‌లోనే కలుపుతాయి. యాప్ మొదలైతే గాని ఆ లైబ్రరీ మొదలు కాదు. అందువల్ల స్టోర్‌లో ‘ఓపెన్ కావట్లేదు’ అన్న ఫిర్యాదులు పేరుకుపోతున్నా, ఆ లెక్కలు చూపే డ్యాష్‌బోర్డు అంతా సవ్యంగానే ఉన్నట్టు చూపిస్తుంది. అలాంటప్పుడు నమ్మవలసింది వాడుకదారు మాటనే. సాక్ష్యం ఫోన్ సెట్టింగ్స్‌లోని అనలిటిక్స్ డేటాలో, సిస్టమ్ స్వయంగా రాసిపెట్టిన రిపోర్టులో దొరుకుతుంది.

ఆ రిపోర్టులో మూడు విషయాలు ఉంటాయి: దొరకని సింబల్ పేరు, దాన్ని అడిగిన బైనరీ (యంత్రం నడిపే రూపంలోకి మారిన కోడ్ ఫైలు), అది ఉండవలసిన లైబ్రరీ. చాలామంది మొదటిదాన్ని పట్టుకుని వెతుకుతారు గాని, నా దృష్టిలో కీలకం రెండోది. అడిగింది మన యాప్ బైనరీయా, బయటినుంచి తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్కా అన్నది తేలితే సగం పని అయినట్టే. ఉండవలసిన లైబ్రరీ యాప్ తనతో మోసుకొచ్చినదే అయితే, చాలా సందర్భాల్లో ఆ రెండింటి వెర్షన్లు పొసగలేదని అర్థం. ఫోన్‌లోని ఐఓఎస్‌ను అనుమానించడం అక్కడ దండగ.

సిస్టమ్ ఫ్రేమ్‌వర్కులో సింబల్ లేకపోవడం వేరే కథ. యాప్ కనీస వెర్షన్ ఐఓఎస్ 15 అని ప్రకటించి, ఐఓఎస్ 16లో వచ్చిన ఏపీఐని, అంటే సిస్టమ్ అందించే ఫంక్షన్‌ను, వాడితే, కోడ్‌ను బైనరీగా మార్చే కంపైలర్ ఆ సింబల్‌ను వీక్‌గా, అంటే లేకపోయినా ఫరవాలేదన్నట్టు గుర్తిస్తుంది. కాని ఈ జాగ్రత్త మన సోర్స్ కోడ్‌కే పరిమితం. పేమెంట్ కోసమో ప్రకటనల కోసమో తెచ్చుకున్న రెడీమేడ్ ఫ్రేమ్‌వర్కును దాని తయారీదారు ఐఓఎస్ 16 కనీసంగా నిర్మించి ఉంటే, అందులో అదే సింబల్ తప్పనిసరి అవుతుంది. ఐఓఎస్ 15 దాటి వెళ్లలేని ఐఫోన్ 7లో ఆ యాప్ ఇక తెరుచుకోదు. ఇలాంటి తేడా ఉందని, నిర్మాణంలో బైనరీలను కలిపే లింకర్ వార్నింగ్ ఇవ్వవచ్చు గాని, వందలాది వార్నింగుల మధ్య దాన్ని చదివేవారు తక్కువ. అన్న కొన్న ఫోన్ నాలుగేళ్లకు తమ్ముడి చేతికి వచ్చే మన ఇళ్లలో, ఆ నష్టం పడేది తమ్ముడిమీద.

కొత్త పరికరాలతో నిర్మించడం ఇందులో తప్పు కాదు, అది తప్పించుకోలేనిది కూడా. ఉదాహరణకు 2025 ఏప్రిల్‌లో, యాప్ స్టోర్‌కు పంపే ఐఫోన్ యాప్‌లను ఎక్స్‌కోడ్ 16 (యాప్‌లను నిర్మించే ఆపిల్ సాఫ్ట్‌వేర్), ఐఓఎస్ 18 ఎస్‌డీకే (ఆ ఐఓఎస్‌కు కావలసిన పరికరాల కట్ట)తోనో, అంతకంటే కొత్తవాటితోనో నిర్మించాలని ఆపిల్ నియమం పెట్టింది. అందుకే నిర్మించే వెర్షన్‌కూ నడవవలసిన వెర్షన్‌కూ మధ్య దూరం పెరుగుతూనే ఉంటుంది.

సింబల్ దొరకని ఆ సిస్టమ్ ఫ్రేమ్‌వర్కును ‘ఆప్షనల్’, అంటే అందులోని సింబల్స్ లేకపోయినా ఫరవాలేదన్నట్టు, చేసేయమన్నది తరచూ వినిపించే సలహా. దానితో యాప్ తెరుచుకోవచ్చు. కాని లేని సింబల్ చిరునామా సున్నాగా మిగులుతుంది గనుక, వెర్షన్ సరిచూసుకోకుండా దాన్ని పిలిచిన చోట, బహుశా డబ్బు చెల్లించే మధ్యలో, యాప్ కూలుతుంది. తయారీదారు నుంచి సరైన కనీస వెర్షన్‌తో నిర్మించిన ఫ్రేమ్‌వర్కును అడిగి తెచ్చుకోవాలి. అది కుదరనప్పుడు మన కనీస వెర్షన్‌నే పెంచడం నిజాయితీ. అప్పుడు పాత ఫోన్లకు తమకు సరిపడే చివరి వెర్షన్‌ను దింపుకునే వీలు స్టోర్‌లో సాధారణంగా ఉంటుంది.

విడుదలకు ముందు ఆ కనీస వెర్షన్ ఉన్న నిజమైన ఫోన్‌లో ఒక్కసారైనా యాప్‌ను తెరిచి చూడాలి. కంప్యూటర్‌లో ఫోన్‌ను అనుకరించే సిమ్యులేటర్‌కు వెళ్లే బైనరీ వేరు గనుక దానిమీద పరీక్ష సరిపోదు. ఆ ఫోన్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆఫ్ చేసి ఉంచాలి. ఆపిల్ పాత ఐఓఎస్ వెర్షన్లకు సంతకం చేయడం (ఇన్‌స్టాల్‌కు అనుమతించడం) మానేశాక, ఒకసారి అప్‌డేట్ అయిన ఫోన్‌ను వెనక్కి తీసుకురావడానికి అధికారిక మార్గం లేదు.