చెయ్యి పొయ్యి దగ్గర ఎంతసేపు?

మొన్న డిసెంబరులో హైదరాబాద్ వెళ్తే అక్క నాకో పని అప్పజెప్పింది. మేనకోడలు ఇంటర్ అవగానే వంట చదువు చదువుతానంటోందట. "అమెరికాలో ఉంటావుగా, కాలేజీలు చూసి చెప్పు" అంది. అమెరికాలో ఉన్నవాడికి హైదరాబాద్ కాలేజీల గురించి ఏం తెలుస్తుందో నాకర్థం కాలేదు. పైగా, "వండటానికి చదువెందుకే" అని ఫోన్లో ముందు నవ్వింది నేనే. మంచి బిర్యానీ కోసం యాభై మైళ్లు కారేసుకుని పోతాం, వండేవాడి చదువంటే మాత్రం పెదవి విరుస్తాం.

మొదట వెళ్లినచోట ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఓడల్లో ఉద్యోగాలొస్తాయన్నట్టు గోడల నిండా ఓడల ఫోటోలు. "ప్లేస్‌మెంట్ వంద శాతం సార్!" వంటగది చూస్తామంటే తాళంచెవి కోసం పావుగంట వెతికారు. లోపల స్టీలు బల్ల మీద వేలు పెట్టి లాగితే గీత పడింది. పొయ్యిలు ఆరు, పిల్లలు నలభై మంది. సారు వండుతుంటే మిగతావాళ్లు నోట్సు రాసుకుంటారట. "ఉల్లిపాయ తరగడం నోట్సులో ఎలా రాస్తారు మావయ్యా?" అంది పిల్ల, మెట్లు దిగుతూ.

అందుకే కాలేజీ పేరు, ఫీజు తర్వాత. వారంలో ఎన్ని గంటలు పిల్ల చెయ్యి పనిలో ఉంటుందో ముందు అడగండి. సరుకులు, యూనిఫాం, కత్తుల సెట్టు ఫీజులోనే వస్తాయా, విడిగా కొనాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఇంకో చిక్కుంది. హోటల్ మేనేజ్‌మెంట్, వంట ఒకటి కాదు. విద్యానగర్ డీడీ కాలనీలోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఐహెచ్ఎంలో డిగ్రీకి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ వంటతోపాటు ఫ్రంట్ ఆఫీస్ (హోటల్‌కి వచ్చినవాళ్లని చూసుకునే పని), హౌస్ కీపింగ్, సర్వీసు అన్నీ నేర్పుతారు. పొయ్యే లోకం అనుకునే పిల్లకి బేగంపేటలోని కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా లాంటివి నప్పుతాయి. అది 1996 నుంచి వంట మీదే నడుస్తోంది. ఈ తేడా తెలియక చేరితే, గరిటె పట్టాలనుకున్న పిల్ల దుప్పట్లు మడత పెట్టడం నేర్చుకుంటూ ఏడుస్తుంది.

చెయ్యి ఎంతసేపు పనిలో ఉంటుందన్న లెక్క బ్యూటీ కోర్సులకీ అంతే. బొమ్మ తల మీద జుట్టు కత్తిరించడం వేరు, కుర్చీలో కూర్చుని కదులుతున్న మనిషికి కత్తిరించడం వేరు. డబ్బుకి ఇబ్బందైతే ఐటీఐలో కాస్మెటాలజీ ఏడాది కోర్సు ఉంది, పది పాసైతే చాలు. దాన్ని చిన్నచూపు చూడకండి, ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది.

మూడోరోజు ఇంకో కాలేజీ గేటు బయట టీ తాగుతున్నాం. తెల్లకోటు చేతులు పైకి మడిచిన సెకండియర్ కుర్రాడి ముంజేతి మీద కాలిన మచ్చ కనిపించింది. ఓవెన్ ట్రే తగిలిందట.

"వారంలో ఎన్ని రోజులు వండుతారు?" అని మేనకోడలు అడిగింది.

"నాలుగు. ఐదో రోజు అంట్లు!"

పిల్ల టీ అక్కడే పెట్టేసి, వంటగది ఎటు అని అడుగుతూ లోపలికి నడిచింది.