ఆయుష్షు పెంచకపోయినా ఆ గ్రూపు కావాలి

రొమ్ము క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి మా అక్క ‘ధైర్యంగా ఉండు, నీకేం కాదు’ అన్న మాట ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. అన్నవాళ్లందరూ ప్రేమతోనే అన్నారు, నేనూ అన్నాను. తను సరేనని తలూపేది. రాత్రి రెండింటికి చూస్తే మాత్రం మంచం మీద లేచి కూర్చుని బయాప్సీ రిపోర్టు మళ్లీ మళ్లీ చదువుతూ ఉండేది.

ఆపరేషన్ అయిన వారానికి తనని ఒక సపోర్ట్ గ్రూపుకి తీసుకెళ్లాను. అప్పటికింకా చంక కింద గొట్టం, దాని చివర రసి చేరే సీసా అలాగే ఉన్నాయి. డ్రెయిన్ అంటారు దాన్ని. ఎటు తిరిగి పడుకోవాలో తెలియదు, స్నానం ఎలాగో తెలియదు, సీసా బట్టలకు తగులుకుని లాగినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేది. అక్కడ ఒకావిడ తను వాడిన చిన్న గుడ్డ సంచి తీసి, దాన్ని మెడలో ఎలా వేసుకోవాలో, సీసా బరువు గొట్టం మీద పడకుండా ఎలా సర్దుకోవాలో అక్క పక్కన నిలబడి చూపించింది. రోజూ ఒకే వేళకి ఎంత రసి వచ్చిందో రాసి పెట్టుకో, అది బాగా తగ్గాకే డాక్టర్ గొట్టం తీస్తారు అని చెప్పింది. ఆస్పత్రిలో ఇవేవీ చెప్పలేదని కాదు, చెప్పే ఉంటారు, ఆ గాభరాలో ఎవరికి గుర్తుంటాయి? ఆ రాత్రి అక్క నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయింది.

ఇలాంటి గ్రూపుల అవసరం ఇదీ అని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కానీ వీటి గురించి చాలాకాలంగా ఇంకో మాట ప్రచారంలో ఉంది. గ్రూపులో కూర్చుని మనసు విప్పి మాట్లాడితే, ఆశావహంగా ఉంటే, ఎక్కువ కాలం బతుకుతారని. నా అభ్యంతరమంతా ఈ మాట మీదే.

దీని వెనుక ఒక పరిశోధన ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే సైకియాట్రిస్టు డేవిడ్ స్పీగెల్ బృందం 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో దాన్ని ప్రచురించింది. క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన 86 మంది మహిళల్లో కొందరిని ఏడాది పాటు వారానికోసారి గ్రూపులో కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్లు అధ్యయనంలో చేరినప్పటి నుంచి సగటున 36.6 నెలలు, మిగతావాళ్లు 18.9 నెలలు బతికారని తేలింది. దాదాపు రెట్టింపు! అంత పెద్ద వార్త ఆగుతుందా, ప్రపంచమంతా పాకిపోయింది. అయితే 2001లో కెనడాలో పమేలా గుడ్విన్ బృందం 235 మందితో అదే తరహా చికిత్సను పరీక్షిస్తే ఆయుష్షులో తేడా ఏమీ రాలేదు. స్పీగెల్ బృందమే 125 మందితో మళ్లీ చేసి 2007లో ఫలితాలు ప్రకటించింది, మొత్తం మీద చూస్తే అక్కడా ఆయుష్షు పెరగలేదు. తన పాత ఫలితం నిలబడలేదని తానే ప్రచురించడం నా దృష్టిలో గొప్ప విషయం. కానీ ఆ రెండో వార్త మొదటిదానిలా జనంలోకి వెళ్లలేదు.

గుడ్విన్ అధ్యయనంలో మరోటి కనబడింది, నాకు అసలు విషయం అదే. గ్రూపులో ఉన్నవాళ్లకు దిగులు తగ్గింది, నొప్పి బాధ తక్కువగా అనిపించింది, అదీ మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకే ఎక్కువగా. ఇది చిన్న లాభమా? ఉన్న రోజులు కాస్త తక్కువ నొప్పితో, కాస్త తేలికైన మనసుతో గడవడం చాలదా, దానికి ఆయుష్షు లెక్క కూడా జోడిస్తేనే విలువ వస్తుందా?

పైగా ఆ లెక్క జోడిస్తే జరిగే నష్టం మామూలుది కాదు. మనసు గట్టిగా ఉన్నందుకే ఒకామె బతికిందని చెప్పామంటే, జబ్బు తిరగబెట్టిన ఇంకొకామెతో నీ మనసు గట్టిది కాదు అని చెప్పినట్టే. ‘నేను సరిగ్గా పోరాడలేదేమో’ అని ఏడ్చే ఆడవాళ్లు ఉన్నారు. జబ్బు ఏ దశలో దొరికింది, కణితి ఏ రకం, హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు కణితిలో ఉన్నాయా లేదా, దాన్ని వేగంగా పెంచే హెచ్ఈఆర్2 అనే ప్రొటీన్ సంగతేంటి, సరైన వైద్యం సకాలంలో అందిందా అన్న వాటి మీద నడిచే వ్యవహారాన్ని తెచ్చి ఆమె నవ్వు మొహం మీద పెట్టడం అన్యాయం.

అక్క గ్రూపులోనే ఒకసారి జరిగింది. చికిత్స ముగించుకున్నవాళ్లు జుట్టు మళ్లీ మొలవడం గురించి సంతోషంగా మాట్లాడుకుంటున్నారు. కొత్తగా వచ్చిన ఒకావిడ, ‘నాది ఎముకలకు వచ్చింది’ అంది. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎవరో ‘అలా అనకండి, పాజిటివ్‌గా ఉండాలి’ అన్నారు, ఇంకెవరో మాట మార్చేశారు. ఆవిడ చేతిలో స్కాన్ కవరు ఉంది, దాని అంచును వేలితో మడుస్తూ విప్పుతూ చివరిదాకా కూర్చుంది. మరుసటి వారం రాలేదు. అక్కడున్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, తమకేది రాకూడదని రోజూ భయపడుతున్నారో అదే ఎదురుగా వచ్చి కూర్చుంటే తట్టుకోలేకపోయారు. అందుకే నాలుగో దశలో, అంటే జబ్బు ఇతర భాగాలకు పాకిన దశలో ఉన్నవాళ్లకు వేరే గ్రూపు ఉండాలి. నడిపించే మనిషికి శిక్షణ ఉండాలి, ఆ నిశ్శబ్దాన్ని తుంచేయకుండా ‘చెప్పండి’ అనగలగాలి.

గ్రూపు అందరికీ ఒకేలా పనిచేయదు కూడా. అమెరికాలో విక్కీ హెల్గెసన్ బృందం 312 మంది మీద చేసిన అధ్యయనంలో, జబ్బు గురించి, చికిత్స గురించి సరైన సమాచారం ఇచ్చిన గ్రూపులు మేలు చేశాయి. ఉత్తినే కష్టసుఖాలు చెప్పుకున్న గ్రూపుల వల్ల మొత్తంగా లాభం కనబడలేదు. ఇంట్లో భర్త నుంచి ఆసరా లేనివాళ్లకు మాత్రం ఆ మాటలే అక్కరకొచ్చాయి, ఆసరా బాగా ఉన్నవాళ్లకు ఎదురు నష్టం చేశాయి. కాబట్టి వెళ్లనన్న మనిషిని బలవంతంగా లాక్కెళ్లకండి. వెళ్లాలనుకునే ఆమెను ‘ఇంట్లో మేం లేమా’ అని ఆపకండి.

ఇంకో మాట. ఫలానా రసం తాగితే కీమో అక్కర్లేదని చెప్పే మనిషి ఏ గ్రూపులోనైనా ఒకరు తయారవుతారు. నడిపేవాళ్లు ఆ మాటను అక్కడికక్కడే ఆపాలి, మొహమాటపడితే ప్రాణాలు పోతాయి.

ఆపరేషన్ అయిన స్త్రీ దగ్గరికి అదే దారిలో నడిచిన ఇంకో స్త్రీ వెళ్లి కూర్చోవడం అనే పద్ధతి కొత్తది కాదు. 1952లో రొమ్ము తీసేశాక టెరీస్ లాసర్ అనే అమెరికన్ మహిళ ఆస్పత్రుల్లో పేషెంట్ల మంచాల దగ్గరికెళ్లి చేతికి చేయాల్సిన వ్యాయామాలు చూపించడం మొదలుపెడితే, కొందరు సర్జన్లు ఆమెను రానివ్వలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీయే ఆ కార్యక్రమాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వకముందే ఆ పని మొదలైంది.

ఆ స్కాన్ కవరావిడ నంబరు అక్క ఎలాగో సంపాదించి ఫోన్ చేసింది. ధైర్యం చెప్పబోతే వద్దందట, ఊరికే వినమందట. అక్క గంటన్నర విన్నది. ఇప్పుడు ప్రతి బుధవారం ఆవిడే ఫోన్ చేస్తోంది.