దొరలు ప్రేమించి పెళ్లి చేసుకున్నారనే నింద గురించి

మొన్న సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండిపోయి ఉంటే, మా మేనకోడలు మాత్రం ఒక మూల కూర్చుని ఫోన్‌లో ఏదో పాతకాలం ఇంగ్లిష్ సీరియల్ చూస్తోంది. గుర్రబ్బండ్లు, కొవ్వొత్తుల వెలుగులో డాన్సులు, వానలో తడుస్తూ వచ్చి మనసులో మాట చెప్పేసే హీరో. అది చూసి కళ్లు తుడుచుకుని, "ఆ రోజులే వేరు మావయ్యా, మనలాగా కట్నాలూ బేరాలూ లేకుండా నచ్చినవాళ్లని చేసుకునేవాళ్లు" అంది. నేను తింటున్న అరిసె గొంతుకి అడ్డం పడింది. పండగపూట వాదనెందుకని నీళ్లు తాగి ఊరుకున్నాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. పోయినవాళ్ల మీద ఇంత పెద్ద నింద పడుతుంటే వాళ్ల తరఫున మాట్లాడే దిక్కు ఒక్కడైనా ఉండాలి కదా.

అందుకని స్పష్టంగా చెబుతున్నాను. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్ పల్లెసీమల్లో బతికిన భూస్వాములు, అంటే జెంట్రీ, ప్రేమ కోసం పెళ్లిళ్లు చేసుకున్నారన్నది వాళ్లకి అవమానం. ఎవరో ఒకరిద్దరు కాలు జారి ఉంటారు, కాదనను. కానీ లాయర్లకి ఫీజులు పోసి, మూడు తరాల ముందుచూపుతో, పుట్టని మనవళ్ల దాకా లెక్కలు కట్టి వాళ్లు పడ్డ కష్టాన్ని "ప్రేమ" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎలా?

ముందు వీళ్లెవరో తెలియాలి. డ్యూకులు, ఎర్ల్‌లు, వైకౌంట్‌లు అని బిరుదులున్న ప్రభువులు వీళ్లకి పైమెట్టు. వీళ్లు ఊళ్లో పెద్ద ఇల్లు, చుట్టూ కౌలుకిచ్చిన పొలాలు, చర్చిలో ముందు వరస బల్ల ఉన్నవాళ్లు. 1883లో జాన్ బేట్‌మన్ అనే ఆయన దేశంలో భూములెవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క తేలుస్తూ, వెయ్యి నుంచి మూడు వేల ఎకరాలున్నవాళ్లని స్క్వైర్లు అని ఒక వరసలో పెట్టాడు. ఎకరాలు ఎన్నున్నా అసలు అర్హత ఒకటే, పని చేయకపోవడం. ఎంత సంపాదించావని అక్కడ ఎవరూ అడగరు, సంపాదించాల్సిన ఖర్మ నీకు పట్టిందా లేదా అన్నదే ప్రశ్న. పట్టు మిల్లులో లక్షలు గడించినవాడు ఒక మెట్టు కిందే, తాతలనాటి కౌలు తింటూ అప్పుల్లో మునిగినవాడు ఒక మెట్టు పైనే. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి కిందవాడికున్న నిచ్చెన పెళ్లి, ఆ మెట్టు మీంచి జారకుండా పైవాడు పట్టుకునే తాడు కూడా పెళ్లే. ఇందులోకి ప్రేమ ఎక్కడినుంచి దూరుతుందండీ, చోటేదీ?

వాళ్ల నిజాయితీ చూస్తే మనకి సిగ్గేస్తుంది. మగాడి విలువ చెప్పాలంటే ఏడాదికి ఇన్ని పౌండ్లు అనేవాళ్లు, ఆడపిల్ల విలువ మాత్రం మొత్తం ఇన్ని వేలు అనేవాళ్లు. ఒకటి కౌలు లెక్క, రెండోది రొక్కం లెక్క. 1731లో లండన్‌లో మొదలైన జెంటిల్మన్స్ మ్యాగజైన్ పెళ్లి కబుర్లు వేసేటప్పుడు, వధువు పేరు పక్కనే ఆమె ఎంత తెస్తోందో కూడా అచ్చు వేసేది. మన దగ్గర ఇప్పటికీ "కట్నకానుకలు వద్దు, అమ్మాయి బాగుంటే చాలు" అని పేపర్లో వేయించి, తర్వాత ఫోన్‌లో "మీ సంతోషం కొద్దీ" అని నసుగుతారు చూడండి, ఆ నసుగుడు అక్కడ లేదు. 1742లో అయితే ఇంకో అడుగు ముందుకేసి, డబ్బున్న వితంతువులు, పెళ్లికాని ఆడవాళ్ల పేర్లు, ఎక్కడుంటారో, ఎవరికి ఎంత ఉందని చెప్పుకుంటున్నారో, షేర్లలో ఎంత పెట్టారో అంతా వరసగా పట్టీ వేసి ఒక పుస్తకమే అచ్చేశారు. వేసినాయన తన పేరు పెట్టుకోలేదు, "ఒక తమ్ముడు" అని మాత్రం రాసుకున్నాడు.

ఆ "తమ్ముడు" అన్న మాటలోనే ఒక కులమంత ఏడుపు ఉంది. వాళ్ల పద్ధతిలో భూమి మొత్తం పెద్దకొడుక్కే. మనలాగా అన్నదమ్ములు గట్టు మీద కూర్చుని కొలతల టేపు పట్టుకుని తన్నుకునే ఛాన్సే లేదు, తన్నుకోవడానికి తమ్ముడి వాటా ఉంటే కదా. తమ్ముళ్లకి సైన్యం, నౌకాదళం, కోర్టు, చర్చి, ఇవే దారులు. సైన్యంలో పదవి కూడా ఊరికే రాదు, కొనుక్కోవాలి. 1821 నాటి సర్కారు ధర ప్రకారం మామూలు కాల్బలంలో కెప్టెన్ పదవి 1,800 పౌండ్లు. 1871లో ఆ అమ్మకాలు ఆపేదాకా ఇదే తంతు. చర్చి పాదిరీ పదవులు కూడా అంతే, ఫలానా ఊరి చర్చికి పాదిరిని నియమించే హక్కు ఆస్తిలాగా చేతులు మారేది, ప్రస్తుతం ఉన్న పాదిరి వయసెంత, దగ్గు ఏమైనా ఉందా అని కొనేవాళ్లు వాకబు చేసేవాళ్లు. ఇంత ఖర్చు పెట్టలేని తమ్ముడికి మిగిలేది ఒకటే, ఎవరో ఒక ఒంటరి వారసురాలి మీద ఉన్నట్టుండి పుట్టుకొచ్చే గాఢమైన అనురాగం.

ఇక పెళ్లి ఒప్పందం దగ్గరికొద్దాం, నాకు మహా ఇష్టమైన భాగం. అబ్బాయి అమ్మాయి చేయి పట్టుకుని అడగడం, ఆమె తల దించుకోవడం, ఇదంతా పావుగంట పని. ఆ తర్వాత రెండు వైపుల లాయర్లు కూర్చుని తోలుకాగితాల మీద నెలల తరబడి రాసేది అసలు పెళ్లి. అమ్మాయి తెచ్చే కట్నం ఇంత, దానికి బదులుగా భర్త బతికుండగా ఆమె చేతి ఖర్చుకి ఏటా ఇంత, భర్త పోయాక మనోవర్తి ఇంత. ఆ మనోవర్తికి 18వ శతాబ్దంలో ఇంచుమించు స్థిరపడిన లెక్క కట్నంలో పదో వంతు. 5,000 పౌండ్లు తెస్తే, విధవరాలయ్యాక ఏడాదికి 500 అన్నమాట. పదేళ్లు దాటి బతికితే పెట్టిన అసలు వెనక్కి వచ్చినట్టే, ఆ పైన అంతా లాభం. అందుకే అక్కడ కొన్ని ఇళ్లలో తొంభై ఏళ్లొచ్చినా గుండ్రాయిలా తిరిగే విధవ తల్లిని చూసి కొడుకులు నిట్టూర్చేవాళ్లు, ఎస్టేటు మీద వానాకాలం వరదకంటే పెద్ద నష్టం ఆవిడ ఆరోగ్యం.

భూమి మీద పెద్దకొడుక్కి కూడా అనుభవించే హక్కే, అమ్మే హక్కు ఉండదు. తండ్రీ కొడుకూ కలిసి సంతకం పెట్టి ఆస్తిని ఇంకా పుట్టని మనవడి పేరు మీద బిగించేస్తారు, ఆ పుట్టనివాడి హక్కులు కాపాడడానికి ట్రస్టీలు కూడా ఉంటారు. పెళ్లికూతురికి వరుడు తెలుసో లేదో గానీ, ఆమెకి పుట్టబోయే కొడుకు హక్కుల గురించి లాయరు గుమాస్తాకి కూడా తెలుసు. ఇంత చేసినా, ఒప్పందంలో విడిగా రాసుకోని ఆమె సొమ్ము పెళ్లి రోజున భర్త చేతికి పోయేది. చట్టం దృష్టిలో భార్యాభర్తలు ఒకటే మనిషి, ఆ ఒకటే మనిషి భర్త. 1882 చట్టం వచ్చేదాకా, అలా విడిగా రాసుకోకపోతే, పెళ్లయిన ఆడది తన ఆస్తి మొత్తాన్ని తనదని పట్టుకోవడం కుదరలేదు. ఎంత అన్యోన్యత!

డాన్సుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మా మేనకోడలు ఊరుకోదు. ఊళ్లో ఆ అసెంబ్లీ రూమ్స్ అనే హాళ్లలో జరిగేవి ఆ డాన్సులు, బాత్ పట్టణంలో 1771లో కట్టినవి ఇప్పటికీ ఉన్నాయి. ఒకే అబ్బాయితో రెండు డాన్సులు కడితే మర్యాద, మూడో దానికి లేస్తే గోడవారగా కూర్చున్న పెద్దమ్మలు తాంబూలాలు ఎప్పుడని అడిగేస్తారు. నిశ్చయం కాకుండా ఉత్తరాలు రాసుకోకూడదు, ఒంటరిగా షికారు పోకూడదు. పల్లెటూళ్లలో డాన్సులు పున్నమి దగ్గర్లో పెట్టుకునేవాళ్లు. మనం పెళ్లికి ముహూర్తం చూస్తాం, వాళ్లు పెళ్లిచూపులకే చంద్రుణ్ణి చూశారన్నమాట. కాకపోతే కారణం జ్యోతిషం కాదు, అర్ధరాత్రి ఇంటికెళ్తుంటే బండి గుంతలో పడకుండా వెన్నెల కావాలి.

మరి లేచిపోయినవాళ్లో, అని అడుగుతారు. నిజమే. 1754లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివాళ్లు చర్చి లైసెన్సు మీద పెళ్లాడాలంటే తండ్రి ఒప్పుకోవాలి. ఆ చట్టం స్కాట్లండ్‌కి వర్తించదు కాబట్టి, సరిహద్దు దాటగానే తగిలే గ్రెట్నా గ్రీన్ అనే ఊళ్లో ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకుంటే చాలు, పెళ్లి అయిపోయేది. కానీ అక్కడికి పరిగెత్తినవాళ్లందరూ ప్రేమపక్షులని ఎవరు చెప్పారు? 1826లో ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ అనే పెద్దమనిషి, ఒక బట్టల మిల్లుల యజమాని ఒక్కగానొక్క కూతురు ఎలెన్ టర్నర్‌ని, పదిహేనేళ్ల పిల్లని, అబద్ధపు ఉత్తరంతో లివర్‌పూల్ బడి నుంచి బయటికి రప్పించి, "మీ నాన్న దివాలా తీశాడు, నువ్వు నన్ను చేసుకుంటేనే ఆయన గట్టెక్కుతాడు" అని నమ్మించి గ్రెట్నా తీసుకెళ్లి పెళ్లాడాడు. అంతకు పదేళ్ల ముందు ఇంకో వారసురాలితో కూడా ఇలాగే లేచిపోయిన అనుభవం ఆయనకుంది. ఈసారి మూడేళ్లు జైలు పడింది, పెళ్లిని రద్దు చేయడానికి 1827లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆయన జైల్లో కూర్చుని, విదేశాల్లో భూములు ఎలా అమ్మి వలసలు పెట్టాలో పుస్తకాలు రాసి, తర్వాత న్యూజిలాండ్ వలసకి పెద్ద మేధావి అనిపించుకున్నాడు. చూశారా, లేచిపోయినవాడి బుర్ర కూడా చివరికి ఎకరాల దగ్గరే ఆగింది. ఆ ఎలెన్‌ని 1828లో పక్కనే ఉన్న లైమ్ ఎస్టేటు యజమానికిచ్చి చేశారు. పంతొమ్మిదేళ్లకే కాన్పులో పోయింది. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ముందుకెళ్దాం.

ఈ సంతలో మన సరుకు కూడా ఉందని గర్వంగా చెప్పుకోవాలి. థామస్ పిట్ అని డార్సెట్‌లో ఒక పాదిరి గారబ్బాయి. ఈస్టిండియా కంపెనీకి మాత్రమే వ్యాపార హక్కులున్న రోజుల్లో దొంగచాటుగా వ్యాపారం చేసి కంపెనీకి తలనొప్పి అయ్యాడు, వీణ్ణి పట్టలేమని కంపెనీయే 1698లో మద్రాసు గవర్నర్‌ని చేసింది. అక్కడ 410 క్యారట్ల ముడి వజ్రం 48,000 వరహాలకి కొన్నాడు. మన పల్నాడులో, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్న కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. 20,000 పౌండ్ల పైచిలుకు పెట్టి కొన్న ఆ రాయిని సాన పట్టించి 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకి అమ్మాడు. అదే ఏడు కార్న్‌వాల్‌లో బొకొనాక్ ఎస్టేటు కొన్నాడు. పిల్లల సంబంధాలు చూడండి మరి, కూతురు లూసీ తర్వాత ఎర్ల్ అయిన స్టాన్‌హోప్‌కి భార్య, ఒక కొడుక్కి ఎర్ల్ కూతురు, ఇంకో కొడుక్కి వైకౌంట్ కూతురు. మనవడూ మునిమనవడూ ప్రధానమంత్రులయ్యారు. కృష్ణ ఒడ్డున ఎండలో మట్టి తవ్విన కూలీకి ఆ పెళ్లిళ్లకి శుభలేఖ అందినట్టు ఆధారాలేమీ లేవు.

ఇంటిపేర్ల విషయంలో మాత్రం వాళ్లకి నిజంగా విశాల హృదయం. కొడుకులు లేని ఇంటి ఆస్తి కావాలంటే అల్లుడు ఆ ఇంటిపేరు తగిలించుకోవాలని షరతు పెడితే, రాజుగారి అనుమతి తీసుకుని సంతోషంగా తగిలించుకునేవాళ్లు. మన ఇల్లరికపు అల్లుళ్లని ఎందుకు వెక్కిరిస్తారో నాకిప్పటికీ తెలీదు. బకింగ్‌హమ్‌షైర్‌లో వొటన్ అనే ఊళ్లో గ్రెన్‌విల్ అని ఒక భూస్వాముల కుటుంబం. ఒక పెళ్లిలో టెంపుల్ వచ్చింది, ఇంకో పెళ్లిలో న్యూజెంట్ వచ్చింది, 1796 నాటి పెళ్లిలో బ్రిడ్జెస్, చాందోస్ జంటగా వచ్చాయి. అన్నీ కలిపి టెంపుల్-న్యూజెంట్-బ్రిడ్జెస్-చాందోస్-గ్రెన్‌విల్. ఒక్కో అడ్డగీత వెనక ఒక్కో ఎస్టేటు. 1822లో డ్యూకులు కూడా అయ్యారు. వందేళ్లకి పైగా ఒక్క పెళ్లి కూడా వృథా చేయని ఇల్లది.

రెండో డ్యూక్ దాకా వచ్చేసరికి అప్పు పది లక్షల పౌండ్లు దాటింది. 1848లో స్టో అనే వాళ్ల భవనంలో సామాను వేలం వేస్తే నలభై రోజులు సాగింది, చిత్రాలు, వెండి, బల్లలు అన్నీ పోయాయి. ఆ తర్వాత రెండేళ్లకి భార్య కూడా విడాకులు తీసుకుంది. అంత పేరున్న ఆ మనిషి 1861లో లండన్ పాడింగ్టన్ రైల్వే స్టేషన్ హోటల్లో కన్నుమూశాడు. ఆ హోటల్ రిజిస్టర్లో ఆయన పేరు ఒక్క గడిలో పట్టిందో, పక్క గదిలో దిగినవాడి గడిలోకి కూడా పోయిందో.