మా వీధిని కర్మాగారంగా గుర్తించవలసిందిగా విన్నపం

ఒడిశాలోని రాయగడ పట్టణంలో ఒకే ట్రాన్స్‌ఫార్మరు నీడన కాలక్షేపం చేస్తున్న అయిదు తెలుగు కుటుంబాల తరఫున ఈ విన్నపం. మా జిల్లాలోనూ పక్కనున్న కొరాపుట్‌లోనూ పెద్ద పరిశ్రమలు కరెంటు విషయంలో కనబరుస్తున్న ముందుచూపును చాలాకాలంగా గమనిస్తున్నాము. వారి అడుగుజాడల్లో నడవడం పౌరధర్మమని మాకు తోచింది.

జేకేపూర్ కాగితం మిల్లునే తీసుకోండి. కర్రను గుజ్జు చేయగా మిగిలే చిక్కటి నల్లటి ద్రవాన్ని అక్కడివారు బ్లాక్ లిక్కర్ అంటారు. ఎక్సైజు శాఖవారు కంగారుపడనక్కరలేదు. దాన్ని పారబోయకుండా రికవరీ బాయిలరులో మండించి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు తీస్తారు, టర్బైను దాటి వచ్చిన ఆవిరితోనే కాగితం ఆరబెట్టుకుంటారు. అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినాను తీసే దొరగుడ, దమన్‌జోడి కర్మాగారాల్లోనూ ఇదే పొదుపు. బాక్సైటును కాస్టిక్ సోడాలో ఉడికించడానికి ఎటూ ఆవిరి కావాలి కనుక, అది వెళ్తూ వెళ్తూ దారిలో ఒక టర్బైనును తిప్పి వెళ్తుంది. ఇంత సొంత కరెంటు ఉన్న కర్మాగారం కూడా సర్కారు లైనుతో సంబంధం మాత్రం తెంచుకోదు. అత్తింట ఎంత సుఖంగా ఉన్న ఆడపడుచుకైనా పుట్టింటి తలుపు తెరిచే ఉండాలి. టర్బైను మొరాయించిన రోజున తిరిగి రాజేయడానికి బయటి కరెంటు కావాలి.

చట్టం కూడా మా వైపే ఉంది. 2003 విద్యుత్ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం సొంత వాడకానికి విద్యుత్ కేంద్రం, అంటే క్యాప్టివ్ కేంద్రం, పెట్టుకునే హక్కు ఏ వ్యక్తికైనా ఉంది. 2005 నిబంధనలు కోరేవి రెండే: కేంద్రంలో కనీసం 26 శాతం యాజమాన్యం వాడుకునేవారిదై ఉండాలి, ఏడాదిలో పుట్టిన కరెంటులో కనీసం 51 శాతం వారే వాడుకోవాలి. ఈ రెండు గీతలూ దాటినవారికి క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ ఉండదు. మాలాంటివారికి చౌకగా కరెంటు ఇవ్వడానికని, బయటినుంచి కరెంటు తెచ్చుకునే పెద్ద వినియోగదారుల మీద వేసే భారం అది. కరెంటు కంపెనీ స్థిర ఖర్చుల కోసం వేసే అదనపు సర్‌చార్జీ కూడా క్యాప్టివ్ కేంద్రాల వారి మీద వేయరాదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. మా మేడల మీది సోలార్ ప్యానెళ్ల ఖరీదులో నాలుగో వంతుకు కాస్త పైచిలుకు మాది, తక్కినది బ్యాంకు అప్పు. ఎవరో మా కోసమే కూర్చుని రాసిన నిబంధనలా లేదూ?

ఇక అసలు విషయానికి వస్తాము. 2012 జూలై 31న తూర్పు రాష్ట్రాల కరెంటు లైన్లను కలిపే తూర్పు గ్రిడ్ కూలి ఒడిశా కూడా చీకటిపాలైన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఘడియ కోసమే పెద్ద కర్మాగారాల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ యాభై హెర్ట్జ్ నుంచి ప్రమాదకరంగా జారగానే రిలే అనే కాపలా పరికరం పసిగట్టి, కన్ను మూసి తెరిచేలోగా బయటి లైనును తెంచేస్తుంది. ఊరు ఆరిపోయినా కర్మాగారం తన కరెంటుతో తాను నడుస్తూ ఉంటుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ పుచ్చుకుని మేము బిగించుకున్న, బ్యాటరీ లేని ప్యానెళ్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. వైశాఖమాసం పట్టపగలు పదకొండు గంటలకు, మేడ మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండలో, లైను పోయిన మరుక్షణం గోడ మీది ఇన్వర్టరు పెట్టెలో ఎర్రలైటు వెలుగుతుంది, ప్యానెళ్లు పనిమానేస్తాయి. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మా కరెంటు తగిలి ప్రాణం మీదికి రాకూడదన్న నియమం అది. అందులో న్యాయం ఉందని ఒప్పుకుంటాము. అయితే లైనును తెంచి తన మానాన తాను నడిచే తెలివి కర్మాగారానికి ఉన్నప్పుడు మా పెట్టెకు ఎందుకు లేదని అడిగితే, దానికి బ్యాటరీ, వేరే స్విచ్చు, వేరే ఇన్వర్టరు కావాలనీ, వాటి ఖర్చు మాదేననీ కరెంటు కంపెనీవారు సెలవిచ్చారు. సూర్యుడు నడినెత్తిన ఉండగా విసనకర్రతో విసురుకుంటూ స్వచ్ఛ ఇంధన యుగంలోకి అడుగుపెట్టిన భాగ్యం మాది.

మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి ఆంధ్ర, ఒడిశాలు కలిసి నీటితో కరెంటు తీస్తున్నాయి. ఎగువ కొలాబ్, బలిమెల సరేసరి. విద్యుత్ బోర్డును 1996లోనే ముక్కలు చేసి దేశానికి దారి చూపిన రాష్ట్రం మాది. కరెంటు పుట్టే చోట కరెంటు అడగడం అత్యాశ అనుకునేవారితో మాకు వాదన లేదు.

కాబట్టి మా అయిదిళ్లనూ కలిపి ఒక సంఘంగా, మా మేడలను ఒకే క్యాప్టివ్ విద్యుత్ కేంద్రంగా గుర్తించి, లైను పోయినా నడిచే ఏర్పాటును ప్రభుత్వ ఖర్చుతో చేయించవలసిందిగా కోరుతున్నాము. ఒక్క చిక్కుంది. ఇలా వ్యక్తుల సంఘంగా ఏర్పడినవారు ఎవరి వాటా మేరకు వారే వాడుకోవాలనీ, తేడా పది శాతం మించరాదనీ నిబంధన. మామూలు రోజుల్లో దీనికి కట్టుబడి ఉంటామని హామీ ఇస్తున్నాము. అట్లతద్దె ముందురోజు మాత్రం మూడో ఇంటి పిన్నిగారి గ్రైండరులో అయిదిళ్ల పిండీ రుబ్బడం ఆనవాయితీ కనుక, ఆ ఒక్క రోజుకు నిబంధన సడలించవలసిందిగా కోరుతూ వేరే దరఖాస్తు దీనితో జతపరుస్తున్నాము.