ఫారం నింపించాక ఆ బిడ్డను చూసేదెవరు?

తప్పు పడిన లెక్కను రబ్బరుతో చెరుపుతుంటే కాగితం చిరిగింది. అంతే, ఎనిమిదేళ్ల పిల్లాడు నోట్‌బుక్ మొత్తం చించేసి, బెంచీని ఒక్క తన్ను తన్ని క్లాసు బయటికి వెళ్లిపోయాడు. పక్క వరసలోనే ఓ అమ్మాయి ఉంటుంది, పరీక్ష ఉందంటే చాలు కడుపునొప్పి అంటుంది, డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదంటారు. ఆ అబ్బాయి సంగతి స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. ఈ పిల్ల ఊసు ఎవరూ ఎత్తరు.

బడి ఈడు పిల్లలందరికీ కోపం, భయం, దిగులు అదుపులో ఉంటున్నాయో లేదో తెలుసుకునే స్క్రీనింగ్ జరగాలని మేము గట్టిగా కోరుకునేది ముఖ్యంగా ఇలాంటి పిల్లల కోసమే. గొడవ చేసేవాళ్లు ఎలాగూ కంటపడతారు, లోలోపల కుమిలిపోయేవాళ్ల బాధ మనం అడిగితే తప్ప బయటికి రాదు. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. పెద్దయితే అదే సర్దుకుంటుందనే మాట చాలామంది పిల్లల విషయంలో నిజమే అవుతుంది కూడా, కానీ ఎవరి విషయంలో కాదో ముందే ఎలా తెలుస్తుంది?

అడగడానికి పెద్ద తతంగమేమీ అక్కర్లేదు. బ్రిటన్ మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో తెచ్చిన, పిల్లల బలాలూ ఇబ్బందులూ తెలుసుకునే ఎస్‌డీక్యూ ప్రశ్నావళిలో ఉన్నవి 25 వాక్యాలే. తలనొప్పి, కడుపునొప్పి అంటుంటారా, తరచూ కోపం తెచ్చుకుంటారా, ఇలా ఉంటాయి. ఒక్కోదానికి నిజం కాదు, కొంతవరకు నిజం, కచ్చితంగా నిజం అనే మూడింట్లో ఒకటి టిక్ పెట్టాలి. అమ్మానాన్నలు ఒకటి, టీచరు ఒకటి నింపుతారు, పదకొండేళ్లు దాటితే పిల్లలే తమ గురించి నింపొచ్చు. ఇంట్లో ఒకలా, బడిలో మరోలా ఉండే పిల్లలు బోలెడంతమంది కాబట్టి ఒక్కరి మాట మీదే ఆధారపడకూడదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. వందమందిలో పదిమందికి నిజంగా సాయం కావాలనుకుందాం. అవసరమున్నవాళ్లలో 80 శాతాన్ని పట్టుకుని, లేనివాళ్లలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేసే పరీక్ష పెట్టామనుకుందాం. ఎనిమిదిమంది దొరుకుతారు, ఇద్దరు జారిపోతారు, ఏ సమస్యా లేని 18 మంది కూడా జాబితాకెక్కుతారు. అంటే 26 పేర్లలో అసలైనవి ఎనిమిదే! అందుకే ఆ టిక్కులను బట్టి వచ్చే స్కోరును జబ్బు నిర్ధారణ అనుకోవద్దు, ఈ బిడ్డతో ఎవరో ఒకరు కూర్చుని తీరిగ్గా మాట్లాడాలి అని మాత్రమే అది చెబుతుంది. మాట్లాడితే తేలేది నిద్ర చాలకపోవడం కావచ్చు, తోటిపిల్లల ఏడిపింపు కావచ్చు, చదవడం రాక పడే అవమానం కావచ్చు, లేదా నిజంగానే చికిత్స కావాల్సిన ఆందోళన కావచ్చు.

ఆ మాట్లాడే మనిషి ఎవరు? కనిపెట్టాక చికిత్స ఇచ్చే ఏర్పాటు లేకుండా స్క్రీనింగ్ పెట్టకూడదని విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1968లోనే రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫారాలు పంచడం మీద ఉన్న హడావుడి కౌన్సెలర్‌ను పెట్టడం మీద ఉండదు, ఉన్న ఒక్క టీచరు నెత్తినే ఇదీ పడేస్తారు. మీ అబ్బాయికి ప్రాబ్లం ఉందని తల్లిదండ్రులకు చీటీ పంపి చేతులు దులుపుకుంటే ఆ ఇంట్లో టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇక జాబితా బయటికి పొక్కితే పిల్లాడికి మెంటల్ అనే పేరు పడిపోతుంది, బడి మారినా అది వదలదు.

కాబట్టి ఫారాలు అచ్చు వేయించే ముందే బడి కొన్ని సంగతులు రాతపూర్వకంగా చెప్పాలి. స్కోరు ఎక్కువ వచ్చిన బిడ్డతో ఎవరు మాట్లాడతారు, ఎన్ని రోజుల్లో, అక్కడ తేలకపోతే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు, ఖర్చు ఎవరిది, ఆ కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు చించేస్తారు. తల్లిదండ్రుల సంతకం ఇదంతా చదివాకే తీసుకోవాలి.