డిలీట్ నొక్కినంత మాత్రాన మెయిల్ పోదు

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవారి తెర మీదికి అప్పుడప్పుడూ ఒక చిన్న పెట్టె వస్తుంది. ఫోల్డర్లను కాంపాక్ట్ చేస్తే ఇంత చోటు మిగులుతుంది, ఇప్పుడే చేయమంటారా, తర్వాత గుర్తు చేయమంటారా అని అడుగుతుంది. నాకు తెలిసినవాళ్లలో చాలామంది దాన్ని చదవకుండానే మూసేస్తారు. మిగిలినవాళ్లు భయపడి మూసేస్తారు. ‘దాని జోలికి వెళ్లకండి, మెయిల్స్ పోతాయి’ అనే సలహా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఆ సలహా తప్పు. నష్టం చేసే తప్పు కాబట్టి ఇంత పొడవున రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుందో చూడండి. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నిటినీ ఒకే ఫైలులో పెడుతుంది. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల నుంచి వస్తున్న ఈ పద్ధతిని ఎంబాక్స్ అంటారు. ముందు చేరిన మెయిల్ పైన, తర్వాత చేరినది దాని కింద, అలా చివరిదాకా ఒకే వరుస. మధ్యలోంచి ఒక మెయిల్‌ను నిజంగా తీసేయాలంటే దాని కింద ఉన్నదంతా పైకి జరపాలి. కొన్ని గిగాబైట్ల ఫైలులో ప్రతి డిలీట్‌కూ ఆ పని పెట్టుకుంటే ప్రోగ్రామ్ కదలదు. అందుకని ఆ మెయిల్ మొదట్లో ఉండే ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అనే వరుసలో ఒక అంకె మార్చి వదిలేస్తుంది. జాబితాలో మెయిల్ కనిపించదు. ఫైలులో మాత్రం అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంటుంది.

అంతకన్నా చిత్రమైన విషయం ఇంకొకటి ఉంది. ఇన్‌బాక్స్‌లో డిలీట్ చేసిన మెయిల్ ట్రాష్‌కు వెళ్తుంది కదా. వెళ్లడమంటే ట్రాష్ ఫైలులో ఒక కొత్త నకలు చేరడం. ఇన్‌బాక్స్ ఫైలులోని పాతది ఉన్నచోటే ఉంటుంది. అంటే డిస్కులో చోటు లేదని ఒకాయన పెద్ద పెద్ద మెయిల్స్ ఏరి డిలీట్ చేస్తే, ఆ క్షణంలో డిస్కు ఇంకొంచెం నిండుతుంది. తర్వాత ట్రాష్ ఖాళీ చేసినా ఇన్‌బాక్స్ ఫైలు ఒక్క బైటు కూడా తగ్గదు. పైగా అటాచ్‌మెంట్లు మెయిల్‌లో బేస్64 రూపంలో, అంటే ఫైలును మామూలు అక్షరాలుగా మార్చి రాసిన రూపంలో వస్తాయి. ఆ రూపంలో ప్రతి ఫైలూ మూడో వంతు పెరుగుతుంది, 3 ఎంబీ పీడీఎఫ్ 4 ఎంబీ పైచిలుకు అవుతుంది. ఒకే ఫైలును నాలుగు ఫోల్డర్లు మార్చినవారి డిస్కులో అది ఎన్ని చోట్ల ఉంటుందో లెక్క వేసుకోండి.

ఫైలులో అలా మిగిలిపోయిన మెయిల్స్‌ను నిజంగా తీసేసేదే కాంపాక్ట్. కాబట్టి అది తీరిక ఉన్నప్పుడు చేసుకునే సర్దుడు పని కాదు. డిలీట్ అనే పనిలో రెండో సగం అదే. మొదటి సగం చేసి ఊరుకున్నవాళ్లు ఏమీ తీసేయలేదు, కంటికి కనబడకుండా పెట్టారంతే.

ఇది నాకు చోటు సమస్య కన్నా నమ్మకం సమస్యగా కనిపిస్తుంది. మా బంధువుల ఆడిటింగ్ ఆఫీసులో ఒక పాత కంప్యూటర్‌ను తెలిసినవారి పిల్లాడికి చదువుకోవడానికి ఇచ్చేద్దామనుకున్నారు. మెయిల్స్ అన్నీ డిలీట్ చేశాం, ట్రాష్ కూడా ఖాళీ చేశాం అన్నారు. ఇన్‌బాక్స్ ఫైలును ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూపించాను. క్లయింట్ల పేర్లు, పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు, నోటీసులకు రాసిన జవాబులు వరసగా దిగుతూ వచ్చాయి. రిటర్నుల గడువు దగ్గరపడినప్పుడు జనం హడావుడిగా పంపిన ఆధార్ కాపీలు కూడా అందులోనే ఉన్నాయి. అవి అర్థం కాని బేస్64 అక్షరాల్లా కనబడినా తిరిగి బొమ్మగా మార్చడం ఎవరికైనా చిటికెలో పని. అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని చెరిపేయాలని మన పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి కాగితాలు పంపిన మనిషికి ‘తీసేశాం’ అని మాట ఇచ్చినప్పుడు అది నిజం కావాలి.

మరి భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాలేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడినవారికి గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ వచ్చాక, ప్రోగ్రామ్‌ను వందసార్లు మూసిన తర్వాత కాంపాక్ట్ చేస్తానంటూ అడిగేది. అది నడుస్తుండగా ఓపిక పట్టలేక కంప్యూటర్ ఆపేసినవాళ్లు ఫోల్డర్లకు ఫోల్డర్లే పోగొట్టుకున్నారు. థండర్‌బర్డ్‌లోనూ కొన్ని వెర్షన్లలో కాంపాక్ట్ కోసం చేసుకున్న తాత్కాలిక ఫైళ్లు ఎన్ఎస్‌టీఎంపీ అనే పేరుతో అనాథల్లా మిగిలిపోయి జనాన్ని కంగారుపెట్టాయి. ఆ అనుభవాలను నేను కొట్టిపారేయను.

కానీ పని జరిగే తీరు తెలిస్తే ఆ భయం జాగ్రత్తగా మారుతుంది. కాంపాక్ట్ చేసేటప్పుడు థండర్‌బర్డ్ పాత ఫైలును కోయదు. ఉంచాల్సిన మెయిల్స్‌ను మాత్రం ఒక కొత్త ఫైలులోకి రాసుకుంటూ పోతుంది, అంతా అయ్యాక పాతదాని స్థానంలో కొత్తదాన్ని పెడుతుంది. అందువల్ల ఆ కొత్త ఫైలుకు సరిపడా ఖాళీ డిస్కులో ఉండాలి. మధ్యలో కరెంటు పోకూడదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో, మధ్యాహ్నం కోతల వేళ పెద్ద ఇన్‌బాక్స్‌ను కాంపాక్ట్‌కు పెట్టకండి. యాంటీవైరస్ ఆ ఫైలును మధ్యలో పట్టుకుని కూర్చోకుండా, థండర్‌బర్డ్ మెయిల్స్, సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్‌కు మినహాయింపు ఇవ్వండి. అన్నిటికన్నా ముందు, ప్రోగ్రామ్‌ను మూసి ఆ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. పాప్ పద్ధతిలో మెయిల్ దించుకునేవారికి ఇది తప్పనిసరి, ఎందుకంటే సర్వర్‌లో కాపీ ఉంచమని సెట్ చేసుకోకపోతే వాళ్ల దగ్గర ఉన్నదే ఏకైక ప్రతి. ఐమాప్ వాడేవారి మెయిల్స్ సర్వర్‌లో ఉంటాయి, స్థానిక ఫైలు పాడైనా మళ్లీ దించుకోవచ్చు.

‘కాంపాక్ట్ చేయకపోతే పొరపాటున డిలీట్ చేసింది తిరిగి తెచ్చుకోవచ్చు కదా’ అని వాదించేవారున్నారు. నిజమే, ఆ స్టేటస్ అంకెను చేత్తో మార్చి, సూచిక ఫైలును తీసేసి, పోయిన మెయిల్‌ను బతికించినవారిని చూశాను. కానీ అలాంటి రక్షణ కోసం బ్యాకప్ ఉంది, ట్రాష్ ఉంది. వాటిని వదిలేసి చెత్త తీయని ఇంటిని భద్రమైన ఇల్లు అనడం నాకు మింగుడుపడదు.

తప్పంతా వాడేవారిదే అని కూడా నేను ఒప్పుకోను. ప్రోగ్రామ్ అడిగే తీరే సరిగా లేదు. ‘చోటు మిగులుతుంది’ అంటే ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు? టెరాబైట్ డిస్కు ఉన్నవాడికి 200 ఎంబీ ఒక లెక్కా? అడగాల్సింది ఇలా: ‘మీరు డిలీట్ చేసిన మెయిల్స్ ఇంకా ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. పూర్తిగా తీసేయమంటారా?’ ఈ రెండు వాక్యాలు రాస్తే సగం భయం, సగం నిర్లక్ష్యం పోతాయి. అవుట్‌లుక్ కూడా ఏమంత మెరుగు కాదు. అది మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైలు కూడా డిలీట్ చేసిన వెంటనే చిన్నదైపోదు, కాంపాక్ట్ బటన్‌ను ఖాతా సెట్టింగుల అడుగున ఎక్కడో పెట్టారు.

మెయిల్‌కు ఒక ఫైలు చొప్పున దాచే మెయిల్‌డిర్ పద్ధతి 2015లో వచ్చిన థండర్‌బర్డ్ 38 నుంచి ఉంది. అందులో కాంపాక్ట్ గొడవే ఉండదు. అయినా ఇన్నేళ్ల తర్వాతా కొత్త ఖాతా తెరిస్తే ఎంబాక్స్ పద్ధతే ముందుగా వస్తుంది. ఆ మార్పు ఇంత నెమ్మదిగా జరగడం నాకు నచ్చలేదు.

అంతదాకా నా అలవాటు నాది. ఇన్‌బాక్స్‌ను గోడౌన్‌లా వాడను. ఏడాది మారగానే పాత మెయిల్స్‌ను ఆ సంవత్సరం పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి పంపిస్తాను. పాత ఫోల్డర్ ఫైలు ఇక మారదు కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ కాంపాక్ట్ చేసే పని ఉండదు, బ్యాకప్ కూడా తేలిక. ముందు ట్రాష్, జంక్ ఖాళీ చేస్తాను. తర్వాత అన్ని ఫోల్డర్లనూ ఒకేసారి కాకుండా, పెద్దవాటిని ఒక్కొక్కటిగా రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ ఎంచుకుంటాను. ఫోల్డర్ రిపేర్ అనేది వేరే పని, అది మెయిల్స్ సూచికను తిరిగి కడుతుంది తప్ప ఫైలు పరిమాణం తగ్గించదు. రెండిటినీ కలిపేసి ‘రిపేర్ చేశాను, చోటు రాలేదు’ అని విసుక్కోకండి.

కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చేస్తున్నా, అమ్మేస్తున్నా కాంపాక్ట్ ఒక్కటే చాలదు. పాత ఫైలు డిస్కులో ఉన్న చోటు మీద కొత్తది రాసేదాకా దాని ముక్కలు మిగిలే ఉండవచ్చు. అప్పుడు డిస్కునే పూర్తిగా తుడిచి ఇవ్వాలి. ఆ ఆడిటింగ్ ఆఫీసు కంప్యూటర్‌ను అలా తుడిచాకే పిల్లాడి చేతికి ఇచ్చాం.